తేదీ నీ ఇష్టం

వీరవేణికి భయం లేని వస్తువు ఈ లోకంలో ఏదైనా ఉందా అంటే పాలకొల్లులో టక్కున చెప్పగలిగినవాళ్ళు లేరు. నీళ్ళంటే భయం, అందుకే నరసాపురం రేవులో పంటు ఎక్కదు, ఎంత దూరమైనా వంతెన మీదుగా చుట్టూ తిరిగే వెళ్తుంది. లిఫ్టు అంటే భయం. బల్లి మీద పడితే భయం, పడబోతుందేమోనని ఇంకా భయం. మరి అలాంటి మనిషి ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనేంటయ్యా అంటే, విమానం టికెట్లు అమ్మడం. విమానాన్ని మాత్రం ఇప్పటిదాకా ఆకాశంలో చూడటమే గానీ దగ్గరకి వెళ్ళి చూసిన పాపాన పోలేదు.

బస్టాండు దాటాక, భర్త సత్యప్రసాద్ స్టీలు సామాన్ల కొట్టు పక్కనే ఆవిడ టికెట్ల కొట్టు. ఒక బల్ల, ఒక కంప్యూటరు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక బెంచీ. కంప్యూటరు వెనక గోడకి పంచాంగం క్యాలెండరు. మస్కట్టు, కువైటు, దోహా వెళ్ళి ఇళ్ళల్లో పని చేసుకునే ఆడవాళ్ళు, సెంట్రింగు పనులకి వెళ్ళే మగవాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆవిడ దగ్గరకే వస్తారు. ఎందుకంటే ఆవిడకి రెండు పట్టింపులున్నాయి. రెండూ జనానికి నచ్చాయి.

మొదటిది, ఆడమనిషికి రిటర్న్ లేకుండా టికెట్టు కొట్టదు. అక్కడివాళ్ళు పంపించేది వెళ్ళే టికెట్టు ఒక్కటే. వచ్చే టికెట్టు వాళ్ళ దయ. "వాళ్ళ దయ మీద నువ్వు రావడమేంటమ్మా, నీ కాయితం నీ దగ్గరుండాలి" అని పోట్లాడి మరీ తేదీ మార్చుకునే టికెట్టు కొనిపిస్తుంది. వెళ్ళే రోజు ఖాయం. వచ్చే రోజు దగ్గర పేరుకి ఏదో ఒక తేదీ వేస్తారు, ఏడాదిలోగా ఎప్పటికైనా మార్చుకోవచ్చు. రెండుసార్లు మార్చుకుంటే ఏమీ అనరు. మూడోసారి మాత్రం సీటు ఉండాలి, విమానం కంపెనీవాళ్ళు ఒప్పుకోవాలి. ఇదంతా వివరించి చెప్తే బుర్రకెక్కదని, ఆ కాయితం కింద నీలం పెన్నుతో తనే పెద్ద అక్షరాలతో రాసిస్తుంది: రావడం, తేదీ నీ ఇష్టం.

రెండో పట్టింపు పంచాంగం. దీనికో కథ ఉంది. కొట్టు పెట్టిన కొత్తలో లోవరాజు అనే కుర్రాడికి టికెట్టు కొట్టింది. చవగ్గా దొరికిందని అమావాస్య నాటిది కొట్టింది. వెళ్ళిన మూడో నెలలో పరంజా మీంచి పడిపోయాడు. పెట్టెలో వచ్చాడు. ఆ పెట్టెకి కాయితాలు రాసింది కూడా వీరవేణే. అప్పట్నుంచి అమావాస్య, మంగళవారం, వర్జ్యం చూడకుండా ఎవరికీ ప్రయాణం పెట్టలేదు. వచ్చినవాళ్ళు ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళన్నది ఆవిడకి పట్టదు. చర్చికి వెళ్ళేవాళ్ళకీ తిథి చూస్తుంది, మసీదుకి వెళ్ళేవాళ్ళకీ తిథి చూస్తుంది. వాళ్ళూ ఏమీ అనేవారు కాదు, మంచికే కదా అనుకునేవారు.

రూబీ పోయిన ఏప్రిల్‌లో వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా నిండని మనిషి, సన్నంగా, చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చే రకం. మొగుడు ఎక్కడున్నాడో తెలీదు. ఇద్దరు పిల్లల్ని తల్లి క్రిస్టినా దగ్గర వదిలి మస్కట్టులో ఒక ఇంటికి పనికి వెళ్తోంది.

"రిటర్న్ ఎప్పటికి వేయమంటావు?" అంది వీరవేణి, అందర్నీ అడిగినట్టే.

"ఎలా చెప్పనండి. ఇల్లు మంచిదైతే రెండేళ్ళుంటాను. కాకపోతే..." అని ఆగిపోయింది రూబీ.

"కాకపోతే ఈ కాయితం ఉంది. ఎవరికీ చూపించకు. బట్టల్లో పెట్టుకోకు, ఒంటి మీద పెట్టుకో" అని వీరవేణి పెన్ను తీసి ఆ నాలుగు మాటలూ రాసిచ్చింది. రూబీ వాటిని కూడబలుక్కుని చదివి, కాయితం ఎనిమిది మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

దసరా దాకా శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేది. దసరా వెళ్ళాక ఆ ఫోన్ ఆగిపోయింది. తీసుకెళ్ళిన ఏజెంటు సెల్లు స్విచాఫ్. క్రిస్టినా ప్రతి సోమవారం చేపల బజారు పని ముగించుకుని వచ్చి బెంచీ చివర కూర్చునేది. "టికెట్టు మీద ఏమన్నా తెలిసిందాండి?" అనేది. టికెట్టు మీద ఏం తెలుస్తుంది? అయినా వీరవేణి కంప్యూటరు తెరిచి చూసేది. రూబీ పేరు, పక్కన పేరుకి వేసిన తేదీ, మార్చి ముప్పై. నాలుగు నెలలుగా ఆ పిల్ల ఈ భూమ్మీద ఉందనడానికి ఆ ఒక్క గీతే గుర్తు. రానురాను వీరవేణికి పొద్దున్నే దేవుడి దీపం కంటే ముందు ఆ గీత చూడటం అలవాటైపోయింది. చూసిన ప్రతిసారీ లోవరాజు పెట్టె కళ్ళముందు మెదిలేది. తను కాయితం కొట్టిన మనిషి మళ్ళీ పెట్టెలో వస్తుందేమోనన్న భయంతో అన్నం సగంలో వదిలేసి లేచేది.

శివరాత్రికి ఆరు రోజుల ముందు, సోమవారం పొద్దున్న, ఆ గీత మారింది.

మార్చి ముప్పై లేదు. ఫిబ్రవరి పదిహేడు అని ఉంది. మస్కట్టు నుంచి హైదరాబాదు, మధ్యాహ్నం విమానం. వీరవేణికి ముందు సంతోషం వేసింది. పిల్ల బతికే ఉంది, వస్తోంది అనుకుంది. ఆ సంతోషం ఎంతసేపు, తలెత్తి క్యాలెండరు చూసేదాకా. పదిహేడు, మంగళవారం. గడిలో నల్లటి గుండు. అమావాస్య.

మంగళవారం అమావాస్య నాడు మన వాళ్ళెవరైనా ప్రయాణం పెట్టుకుంటారా? పక్క ఊరికే పెట్టుకోరే. ఇది రూబీ వేసింది కాదు. ఎవరో వేశారు. ఎవరో ఆ పిల్లని పంపించేస్తున్నారు, ఏ స్థితిలో పంపిస్తున్నారో. లేకపోతే ఆ కాయితం లాక్కుని ఇంకేదో చేస్తున్నారు. ఆలోచన ఒక దారిలో పోతే కదా. మధ్యాహ్నం క్రిస్టినా వచ్చి అడిగితే, "ఏమీ లేదమ్మా" అనేసింది.

భర్తకి మాత్రం చెప్పింది. సత్యప్రసాద్ గిన్నెలు తుడుచుకుంటూ విన్నాడు. "అమావాస్యకి విమానాలు ఆగిపోతాయా ఏంటి" అని నవ్వి, మళ్ళీ ఆవిడ మొహం చూసి నవ్వు మానేశాడు. "చూడు, వేసినవాళ్ళకి ఏదో లెక్క ఉంటుంది. నువ్వు వేలు పెట్టకు."

మంచి మాట చెప్పాడు పాపం. వింటే కదా. ఆ రాత్రంతా పక్క మీద దొర్లింది. నా చేత్తో ఒకణ్ణి అమావాస్య నాడు పంపించాను, ఇప్పుడు చూస్తూ చూస్తూ ఇంకో పిల్లని అమావాస్య నాడు రానిస్తానా అనుకుంది. తెల్లారగానే కొట్టు తెరిచి, చెప్పులు కూడా విడవకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. పదిహేడు తీసేసి పంతొమ్మిది పెట్టింది. గురువారం, విదియ, దివ్యంగా ఉంది. ఓకే నొక్కింది. రెండో మార్పు కూడా అయిపోయింది. అప్పుడు లేచి హారతి కర్పూరం వెలిగించి కళ్ళకద్దుకుంది. చాలా రోజుల తర్వాత ఆ పూట రెండిడ్లీలు ఎక్కువ తింది.

ఆదివారం శివరాత్రి. క్షీరారామంలో తెల్లారుజాము నుంచీ జనం. వీరవేణి ఉపవాసం ఉండి, మూడు గంటలు క్యూలో నిలబడి దర్శనం చేసుకుని ఇంటికొచ్చింది. కాళ్ళు కడుక్కుని కూర్చోగానే ఫోన్‌లో ఒక మెసేజు కనిపించింది. విదేశీ నంబరు. ఒకటి కాదు, రెండు. రాసినవి కాదు, మాట్లాడి పంపినవి.

మొదటిదాంట్లో ఎవరో మగమనిషి, వచ్చీరాని హిందీలో. తనది మస్కట్టులో కిరాణా కొట్టట, కేరళ మనిషట. "ఆ అమ్మాయి రొట్టెలకొచ్చి నా ఫోన్‌లో టికెట్టు మార్చుకుంది. ఈ మాటలు మీకు పంపమంది. నాకూ పిల్లలున్నారు, ఆ ఇంటివాళ్ళు పెద్దవాళ్ళు, భయపడి ఏడు రోజులు పంపలేదు. మనసొప్పక పంపిస్తున్నాను. దయచేసి ఈ నంబరుకి మళ్ళీ చెయ్యొద్దు."

రెండోది రూబీ గొంతు. గుసగుసగా ఉంది. వెనక ఫ్రిజ్జు చప్పుడు.

"అక్కగారండి, నేనండి, రూబీనండి. నా ఫోన్ తీసేసుకున్నారండి. టికెట్టు నేనే మార్చుకున్నానండి, మంగళవారానికి. రంజాను ఉపవాసాలు మొదలవకముందు వీళ్ళందరూ ముసలమ్మగారి ఊరు వెళ్తారండి. పొద్దున్న వెళ్ళి రాత్రికి వస్తారు. ఆ ఒక్క రోజేనండి నాకు. పాస్‌పోర్టు ఏ బీరువాలో ఉందో చూసుకున్నాను. బుధవారం నన్ను ఎడారిలో పెద్దబ్బాయిగారింటికి పంపేస్తారంటండి. ఇదివరకు అక్కడ చేసిన మనిషి ఏమైందంటే ఎవరూ చెప్పట్లేదండి. మళ్ళీ ఈ కొట్టుకి నన్ను రానివ్వరు. మా అమ్మకి చెప్పకండి, కంగారు పడతాది. మీ కాయితం పట్టుకుని నేనే విమానం దగ్గరికి వచ్చేస్తానండి."

అంతే. వీరవేణి మళ్ళీ మొదట్నుంచి వింది. పది నెలల్లో ఆ పిల్ల చూసుకున్న ఒకే ఒక్క రోజు. ఆ రోజుని తను తీసి పారేసింది. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తన భయం తనకుంటే చాలక దాన్ని పట్టుకెళ్ళి ఆ పిల్ల నెత్తిన రుద్దింది. రూబీ ఏనాడైనా తిథి చూసిందా, వారం చూసిందా. ఆదివారం చర్చికి వెళ్ళి వచ్చే మనిషికి నల్ల గుండు ఎక్కడిది?

"ఏమండీ" అంది. పక్క గదిలోంచి సత్యప్రసాద్ వచ్చాడు. ఫోన్ చేతికిచ్చింది. ఆయన మొత్తం విన్నాడు. చెప్పానా అని ఒక్క మాట అంటే ఆవిడ అక్కడే కూలిపోయేది. అనలేదు. "పద, కొట్టు తెరువు" అన్నాడు.

వీధంతా తీర్థం జనం, మైకుల్లో భజనలు. ఆ జనంలో పడి కొట్టుకొచ్చి కంప్యూటరు పెట్టింది. మంగళవారం మధ్యాహ్నం విమానం తెరిచింది. ఒక్క సీటు లేదు. తను వదిలేసిన సీటుని ఆ పూటే ఎవరో ఎగరేసుకుపోయారు. రంజానుకి ఇంటికి వచ్చేవాళ్ళతో నిండిపోయింది, హైదరాబాదువాళ్ళకి మన అమావాస్యతో పనేంటి. విమానం కంపెనీ నంబరుకి ఫోన్ చేసింది. ముప్పావుగంట పాట వినిపించి, ఒకమ్మాయి ఎత్తి, "సారీ మేడమ్, ఫుల్. ఇప్పటికే రెండుసార్లు మార్చారు కదా" అంది. నిజమే. ఒకటి మార్చాల్సిన మనిషి మార్చింది, రెండోది మార్చకూడని మనిషి మార్చింది.

"ఇంకో విమానానికి కొత్త టికెట్టు కొట్టెయ్యకూడదా? డబ్బు పోతే పోనీ" అన్నాడు సత్యప్రసాద్.

"కొడతాను, ఆ పిల్లకి ఎలా చెప్పనండీ? ఫోన్ లేదు. ఆ కొట్టాయన చెయ్యొద్దన్నాడు." అన్నా కూడా చేసింది. నంబరు కలవలేదు, బ్లాక్ చేసేశాడు. "అది ఈ విమానం పేరే చెప్పుకుని ఈ వేళకే వస్తుంది. కౌంటరు దగ్గర కాయితం ఇస్తుంది. నీ పేరు లేదమ్మా, నీది ఎల్లుండి అంటారు. ఇంగ్లీషు రాదు, అరబ్బీ నాలుగు ముక్కలు. ఏం చేస్తుంది? మళ్ళీ ఆ ఇంటికే పోవాలి. రాత్రికి వాళ్ళొచ్చేస్తారు."

చెప్తుంటే తనకే కళ్ళకి కట్టినట్టు కనిపించింది. ఆ ఇంటికి తిరిగొచ్చిన రూబీ, బీరువాలో లేని పాస్‌పోర్టు, తలుపు తీసే మనిషి. అక్కడితో ఆలోచన ఆపేసింది, అంతకు మించి చూసే ధైర్యం లేదు.

ఆ రాత్రి ఊరంతా జాగారం చేసింది. వీరవేణి కూడా చేసింది గానీ శివుడి కోసం కాదు. సోమవారం ఉదయానికి కళ్ళు ఎర్రబడి, కొట్టులో కూర్చుని తన ప్రయాణీకుల పుస్తకం తిరగేసింది. ఏమీ తోచక తిరగేసింది, అంతే. ఫిబ్రవరి పేజీలో ఒక పేరు దగ్గర వేలు ఆగిపోయింది. పెద్దిరాజు. రామచంద్రపురం దగ్గర మనిషి, మస్కట్టులో సెంట్రింగు మేస్త్రి. పదిహేడో తారీకు, అదే విమానం. ఆ టికెట్టు కొట్టేటప్పుడు వద్దని ఎంత మొత్తుకుందో. "తిథులు చూస్తే ఇక్కడ సెలవు దొరకదండి వేణిగారూ, కొట్టెయ్యండి" అన్నాడు. తన మాట కాదన్న ఒకే ఒక్కడు ఇప్పుడు పనికొచ్చేలా ఉన్నాడు.

పెద్దిరాజు కూతురు హారతి ఓణీల ఫంక్షను శుక్రవారం. దానికే వస్తున్నాడు. ఆ సంగతి తెలిసీ ఫోన్ చెయ్యాల్సి వచ్చింది. చేసింది. దాచకుండా అంతా చెప్పింది. చివరికి, "ఆ పిల్లకి నేను చేసిన గురువారం సీటు ఉందండి. మీరు అందులో వస్తారా, మీ సీటు దానికిస్తారా? గురువారం సాయంత్రానికి హైదరాబాదులో ఉంటారు, రాత్రి రైలెక్కితే శుక్రవారం తెల్లవారేసరికి సామర్లకోటలో దిగుతారు. ఫంక్షను పదింటికి కదండీ. అడగకూడదు. కానీ అడుగుతున్నాను."

అవతల కంకర మిక్సరు తిరుగుతున్న చప్పుడు. ఇటు సరిగ్గా అప్పుడే కొట్టు గుమ్మంలో క్రిస్టినా చెప్పులు విడుస్తోంది. సోమవారం కదా.

"మూడేళ్ళయిందండి పిల్లని చూసి" అన్నాడు పెద్దిరాజు ఆఖరికి. "రైలు లేటయిందంటే ఫంక్షను అయిపోతాది." మళ్ళీ మిక్సరు. "మార్చెయ్యండి. మా ఆడోళ్ళకి నేను చెప్పుకుంటాను."

"టికెట్టు మీద ఏమన్నా తెలిసిందాండి?" అంది క్రిస్టినా, బెంచీ చివర కూర్చుంటూ.

వీరవేణి ఆవిడ మొహంలోకి చూడలేదు. "చూస్తున్నానమ్మా, కూర్చో" అంది. ఒక చేత్తో విమానం కంపెనీకి ఫోన్ కలిపింది. ఈసారి ఇంకో అమ్మాయి ఎత్తింది. మనసున్న పిల్లలా ఉంది, మూడో మార్పుకి ఒప్పుకుంది, సీటు ఉంటేనే అంది. వీరవేణి పెద్దిరాజు సీటు వదిలింది. వదలగానే రూబీ పేరు మీద అదే సీటు పట్టుకోవాలి. తెర మీద సీటు రాలేదు. "నాక్కూడా కనిపించట్లేదు మేడమ్, సిస్టంలోకి రావడానికి కొంచెం టైం పడుతుంది. లైన్లో ఉండండి" అంది ఆ అమ్మాయి.

అటు పెద్దిరాజు సీటు పోయింది, ఇటు రూబీకి రాలేదు. మధ్యలో ఎవడైనా లేచి ఆ సీటు నొక్కితే ఇద్దరూ పోయినట్టే. ఫ్యాను తిరుగుతోంది, వీరవేణి వీపు మీద చెమట కారుతోంది. మూడు సార్లు చూసింది, ఫుల్. నాలుగో సారీ ఫుల్. బెంచీ మీద క్రిస్టినా తన మానాన తను చెప్పుకుపోతోంది, చిన్నదానికి పళ్ళు ఊడుతున్నాయని, అమ్మ వస్తే చూపిస్తానని ఊడిన పన్ను సీసాలో దాచుకుందని. వీరవేణికి ఆ మాటలన్నీ వినిపించాయి. కళ్ళు మాత్రం తెర మీంచి తిప్పలేదు.

"వచ్చింది మేడమ్" అంది ఫోన్‌లో అమ్మాయి. "ఒక్కటే చూపిస్తోంది. వేసేస్తున్నా... కన్ఫర్మ్. ఆవిడ గురువారం సీటు ఆయన పేరు మీద వేస్తున్నా."

వీరవేణి ఫోన్ బల్ల మీద పెట్టి రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. "ఏమైందండి?" అంది క్రిస్టినా లేచి నిలబడి. "ఏం లేదమ్మా, కళ్ళు మంట. వచ్చే సోమవారం రా" అంది. ఇంతకంటే పెద్ద అబద్ధం ఆవిడ ఆ కొట్టులో ఎప్పుడూ ఆడలేదు.

సీటైతే వచ్చింది. మనిషి రావద్దూ? మంగళవారం పెద్దిరాజు సెలవు రోజే కదా, తనంతట తనే అన్నాడు, నేను వెళ్ళి నిలబడతానండి, ఆ పిల్ల ఫొటో పంపండి అని. మన లెక్కలో ఒంటిగంటన్నరకి అక్కడ కౌంటరు మూసేస్తారు. పన్నెండున్నరకి ఫోన్ చేశాడు, ఎవరూ రాలేదన్నాడు. ఒంటిగంటకి చేశాడు, రాలేదన్నాడు. సత్యప్రసాద్ తన కొట్టు మూసి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. అమావాస్య రోజు, వీధిలో ఎండ. ఒంటిగంటా పదికి వీరవేణి, "పంపించి ఉండరండీ, ఎవరో ఒకరు ఇంట్లో ఉండిపోయి ఉంటారు" అంది. సత్యప్రసాద్ లేచి ఆవిడ ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టాడు.

ఒంటిగంటా ఇరవైకి ఫోన్ మోగింది. సత్యప్రసాద్ ఎత్తి స్పీకరు పెట్టాడు.

"వచ్చిందండి" అన్నాడు పెద్దిరాజు. వగరుస్తున్నాడు, పరిగెత్తినట్టున్నాడు. "నల్ల చెత్త కవరు పట్టుకుని వచ్చిందండి, చెత్త పారెయ్యడానికి వచ్చినట్టు. బట్టలు అందులోనే ఉన్నాయి. కాళ్ళకి బాత్రూం చెప్పులు. నన్ను చూసి పారిపోబోయింది. వీరవేణిగారు పంపారమ్మా అన్నాకే ఆగింది. కౌంటరు కాడ పేరు దొరికిందండి. లోపలికెళ్ళిపోయింది."

వీరవేణి నమ్మలేదు. విమానం లేచినట్టు కంప్యూటర్లో పడేదాకా కుర్చీలోంచి లేవలేదు, మంచినీళ్ళు ముట్టలేదు. పడ్డాక కూడా ఇంకో గంట అలాగే కూర్చుంది.

పెద్దిరాజు రైలు గంటన్నర లేటు. కూతురికి అక్షింతలు వెయ్యడానికి మాత్రం అందుకున్నాడు, చొక్కా మార్చుకోకుండా.

రూబీ సోమవారం వచ్చింది. తల్లిని తీసుకొచ్చింది, చిన్నదాన్ని ఎత్తుకుని వచ్చింది. మనిషి సగమైపోయింది, మోచేతి కింద ఏదో మచ్చ ఉంది, కొంగుతో కప్పుకుంది. వీరవేణి అడగలేదు. గుమ్మం దాటగానే రూబీ వంగి ఆవిడ కాళ్ళు పట్టుకుంది. "మీరు నా మీద ఒక కన్నేసి ఉంచారండి. అక్కడ కూడా నాకోసం మనిషిని పెట్టారు. నేనొక్కదాన్నే అనుకున్నాను అక్కగారండి, ఒక్కదాన్నే అనుకుని బయటికొచ్చాను."

సత్యప్రసాద్ భార్య వైపు చూసి కొద్దిగా తలూపాడు. ఊరుకో అని. ఊరుకుంటే ఊరుకోవచ్చు. పెద్దిరాజు ఆ పిల్లకి అసలు సంగతి చెప్పలేదు. ఇంకెవరికీ తెలీదు.

"లే రూబీ" అంది వీరవేణి. "నేను కన్నేసి ఉంచలేదు. నువ్వు వేసుకున్న తేదీ నేనే తీసేశాను. అమావాస్య అని. గురువారానికి మార్చేశాను. నీ మాటలు ఆదివారం దాకా నాకు అందలేదు. పెద్దిరాజుగారు తన సీటు ఇవ్వకపోతే, ఆ రోజు నువ్వు కౌంటరు దగ్గర నిలబడితే నీ పేరు ఉండేది కాదు."

క్రిస్టినా అర్థం కాక కూతురి వైపు చూసింది. రూబీకి అర్థమైంది. కోపం రాలేదు, ఏడవలేదు. మెల్లగా బెంచీ మీద కూర్చుంది. చంకలో పిల్లని తల్లికి అందించేసింది, పడేస్తానేమోనని.

తర్వాత జాకెట్లోంచి ఆ కాయితం తీసింది. చెమటకి నాని, మడతల దగ్గర చిరిగి, అచ్చు అక్షరాలు సగం పోయాయి. నీలం పెన్నుతో రాసింది మాత్రం ఉంది. దాన్ని బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేసి, వీరవేణి వైపు తిప్పింది.

"ఇది మీరే రాశారు కదండీ" అంది. నిష్ఠూరంగా అనలేదు. తెలీక అడుగుతున్నట్టే అడిగింది. "రోజూ ఇదే చదువుకునేదాన్నండి."

"నేనే రాశాను" అంది వీరవేణి. ఆ నాలుగు మాటలూ ఈసారి తను చదువుకుంది.